పురిటి గదిలో దాచిన మాట

ఎస్తేరమ్మ గారిని చివరిసారి చూద్దామని నేను వెళ్ళేసరికి పెట్టె మూత వేసేశారు. బందరులో మా ఇంటి నుంచి ఆ చర్చి నడిచి వెళ్ళేంత దూరమే. ఆటో దండగ అని ఎండలో నడిచాను, అందుకే ఆలస్యమైంది. పూలదండ కూడా తీసుకెళ్ళలేదు, సాయంత్రానికి వాడిపోయేదాన్ని కొనడం నాకు చేతకాదు. వెనక బల్ల మీద కూర్చుని తల మీద కొంగు కప్పుకున్నాను. పాటలయ్యాక పాస్టరు గారు ఆవిడ నర్సుగా దివిసీమ అంతా సైకిలు మీద ఎలా తిరిగిందో చెప్పి, "అమ్మగారి చేతిమీద బతికినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మాట చెప్పండి" అన్నారు. నలుగురైదుగురు లేచి చెప్పారు. ఒక పెద్దాయన చెప్పలేక ఏడ్చాడు. నేను లేవలేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నన్ను లేవనివ్వనిది భయం. డెబ్భై దాటినదాన్ని, నా గొంతు వింటే మా వీధి పిల్లలు ఆట ఆపి ఇళ్ళలోకి పోతారు, నా కోడళ్ళు ఇప్పటికీ నన్నడక్కుండా పప్పు డబ్బా మూత తియ్యరు. అలాంటిదాన్ని, పదమూడేళ్ళప్పుడు పట్టుకున్న భయం ఇంకా గొంతులో కూర్చుని ఉంటే, బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయాను.

మాది దివిసీమ చివర, సముద్రం ఒడ్డున ఊరు. ఉప్పెన తర్వాత ఊరు వెనక్కి జరిగింది గాని నేను చెప్పేది అంతకు ముందు మాట, తాటాకు ఇళ్ళ కాలం. నాన్న వేటకు వెళ్ళేవాడు. తర్వాత బందరులో నేను చేసిన చేపల బేరమే నాయనమ్మా చేసేది, గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళకు పోయి అమ్ముకొచ్చేది. ఇంట్లో ఏ గుడ్డపేలికా పారెయ్యనిచ్చేది కాదు. చిరిగిన చీర మొదట లంగా అయ్యేది, తర్వాత పొత్తిగుడ్డలయ్యేది, చివరికి దీపం వత్తి అయ్యేది. నన్ను పిసినారి అనేవాళ్ళు ఆవిణ్ణి చూసి ఉండాల్సింది. అయిదో తరగతిలో నా చేత బడి మాన్పించింది కూడా ఆవిడే, అమ్మ పోయాక ఇంట్లో పొయ్యి దగ్గర మనిషి లేదని. నాయనమ్మ నవ్వగా నేను చూడలేదు. కొట్టగా కూడా ఎక్కువసార్లు చూడలేదు. ఊరికే చూసేది. ఆ చూపు చాలు.

అమ్మ ఎలా పోయిందో చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మకు మగపిల్లాడు పుట్టాడు. ఎనిమిదో రోజున వాడి దవడ బిగుసుకుపోయింది. పాలు పట్టలేదు, ముట్టుకుంటే విల్లులా వంగేవాడు. మర్నాటికి పోయాడు. వాడి వెనకే నెల తిరక్కుండా జ్వరంతో అమ్మ. ఎందుకిలా జరిగిందని ఊళ్ళో ఎవరూ ఎక్కువసేపు వెతకలేదు. పక్కింటి రత్తమ్మ పిన్ని పిల్లాడు పుట్టిన మూడో రోజు చూడ్డానికి వచ్చి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుందనీ, అప్పుడామె బయట ఉండాల్సిన రోజుల్లో ఉందనీ, ఆ సంగతి చెప్పకుండా గడప దాటిందనీ తేల్చారు. బయట ఉన్న ఆడది పురిటి బిడ్డను తాకితే అంటు తగులుతుందని మా వైపు నమ్మకం. ఒంటి మీద పొక్కులు లేస్తాయి, పాలు పట్టదు, బిడ్డ నిలవదు అంటారు. రత్తమ్మ పిన్నికి అప్పుడు ఇరవై ఏళ్ళుంటాయేమో, కొత్తగా కాపురానికొచ్చింది. "లేదత్తా, ఒట్టు, అప్పటికి తలంటుకుని రెండు రోజులైంది" అని గుండెలు బాదుకుంది. నాయనమ్మ వినలేదు. ఆ రోజు నుంచి మా రెండిళ్ళ మధ్య దడి ఎత్తు పెరిగింది. ఊళ్ళో ఎవరింట పురుడొచ్చినా రత్తమ్మ పిన్నిని మాత్రం పిలిచేవాళ్ళు కాదు. దడి సందులోంచి ఆమె కళ్ళు మా వాకిట్లోకి చూస్తుండటం నాకు తెలుసు. నేను మొహం తిప్పుకునేదాన్ని. మా అమ్మను చంపిన మనిషని నేనూ నమ్మాను.

రెండేళ్ళకు, పెళ్ళై అత్తవారింట్లో ఉన్న అక్క పురిటికి వచ్చింది. ఇంకా ఎనిమిదో నెల. వారం రోజుల ముసురు, సముద్రం మీద నుంచి చలిగాలి, ఎండబెట్టిన చేపలన్నీ ఇంట్లోకే చేరి ఇల్లంతా ఉప్పువాసన. ఆ ముసురులోనే నొప్పులొచ్చాయి. మంత్రసాని వచ్చి పురుడు పోసింది. పుట్టినవాడు ఒక మోస్తరు పండుగప్ప చేప అంత ఉన్నాడు. ఏడవలేదు, మూలిగాడు. చర్మం కింద నరాలన్నీ కనిపిస్తున్నాయి. మంత్రసాని వాణ్ణి చేటలో పాత గుడ్డల మీద పడుకోబెట్టి, నాకు వినపడదనుకుని, "ఆశ పెట్టుకోమాకండి పెద్దమ్మా" అంది. నాయనమ్మ కుంపటి తెచ్చి చేట పక్కన పెట్టింది. కుంపట్లో వామూ సాంబ్రాణీ వేసింది. ఆ పొగలో అక్క దగ్గు, వాడి మూలుగు, తాటాకు మీద వాన. ఇప్పటికీ ఎవరైనా వాము వేయిస్తుంటే నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. వాసన పడదంటాను, అంతకు మించి చెప్పను.

మర్నాడు పొద్దున నాన్న కోడూరు పోయి నర్సమ్మకు కబురు చెప్పి వచ్చాడు. మధ్యాహ్నానికి ఎస్తేరమ్మ గారు వచ్చారు. కరకట్ట దాకా సైకిలు మీద, అక్కడి నుంచి మోకాలి లోతు బురదలో నడిచి. తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, సంచి నెత్తిన పెట్టుకుని. పెదపారుపూడి దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, అప్పటికి పాతికేళ్ళు కూడా లేవేమో. వస్తూనే చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు. సబ్బు అరిగిపోతుందని నాయనమ్మ సణిగింది. అక్క పొట్ట ఒత్తి చూశారు, గుడ్డలు చూశారు, వాసన కూడా చూశారు. జ్వరం చూసి సూది వేశారు. నాయనమ్మ పిల్లాడి బొడ్డుకు పెట్టడానికి పిడక బూడిద ఆముదంలో కలిపి తెస్తుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏం పెట్టొద్దండీ. ఊరికే వదిలెయ్యండి, అదే ఎండి ఊడిపోద్ది."

"మా ఇంట్లో అందరికీ పెట్టాం నర్సమ్మా."

"అందరూ నిలిచారాండీ?"

నాయనమ్మ మొహం నల్లబడింది. తమ్ముడి సంగతి చెప్పింది. దవడ బిగుసుకోవడం, ఒళ్ళు వంగడం, పక్కింటిది అంటుతో వచ్చి ఎత్తుకోవడం, అన్నీ. ఎస్తేరమ్మ గారు వింటూ ఆ బూడిద గిన్నె వైపే చూశారు. నాయనమ్మ అక్క చేత ముర్రుపాలు పిండించి పారబోయబోతుంటే గట్టిగా ఆపారు. నీళ్ళలో మరిగించిన ఉగ్గుగిన్నెలోకి ఆ పాలే పిండించి, దూదితో చుక్క చుక్కగా వాడి నాలుక మీద వేసి చూపించారు. తర్వాత కుంపటి బయట పెట్టమన్నారు.

"నిప్పు ఒకవైపు కాలుస్తది, ఒకవైపు వదిలేస్తది. వీడికి మనిషి ఒళ్ళే కావాలి. ఒళ్ళు ఒంటికి ఆనించి, పైన గుడ్డ చుట్టి, రేయింబవళ్ళు అలాగే ఉంచాలి. దింపకూడదు. తల్లి చలిజ్వరంతో వణికిపోతుంది, ఆమె వల్ల కాదు. ఎవరుంచుకుంటారు?"

ఎవరున్నారు? పురిటి గదిలోకి వెళ్ళిన మనిషి వంట ముట్టుకోకూడదు, వల ముట్టుకోకూడదు. నాయనమ్మ లోపల కూర్చుంటే చేపలమ్మి నూకలు తెచ్చే దిక్కు లేదు. నాయనమ్మ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, "దీనికింకా ఏమీ రాలేదు. శుభ్రమైన ఒళ్ళు. ఇది కూచుంటది" అంది. వంట నేను మానాను, ఆవిడ చేసింది. అలా నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు.

నర్సమ్మ వాణ్ణి నా గుండెకు ఆనించి, మెత్తబడ్డ నూలుచీర చుట్టూ తిప్పి కట్టారు. వాడి చెవి నా గుండె మీద ఉంది. చల్లగా, అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టున్నాడు. "తల కింద చెయ్యి వదలమాక. పెదాలు నీలంగా అయితే అరికాలు గిల్లు. నాలుగు రోజులాగి వస్తా" అని వెళ్ళిపోయారు. ఆమె అడుగులు బురదలో వినపడినంతసేపూ ధైర్యంగానే ఉన్నాను. తర్వాత భయం మొదలైంది. నిద్రపోతే వీడు పోతాడు. దగ్గితే పోతాడు. గోడకు ఆనుకుని కూర్చుని నా ఊపిరి నేనే మెల్లగా పీల్చుకునేదాన్ని. వాడు కదలకపోతే భయం, కదిలితే ఇంకేదో అవుతోందని భయం. అక్క జ్వరం మగతలో "ఉన్నాడా?" అనేది. "ఉన్నాడు" అనేదాన్ని. కాసేపటికి మళ్ళీ "ఉన్నాడా?" నాయనమ్మ గడప అవతల నుంచి పథ్యం కూడు నెట్టేది. వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, అక్కకు పాలు పడాలని సొర పిట్టు. నాకు అదే ఆకులో ఓ ముద్ద. ఆవిడా అడిగేది, ఇంకోలాగా. "గుడ్డ తడిపాడా?" తడిపాడంటే బతికి ఉన్నట్టు.

వాడు పుట్టిన నాలుగో రోజు పొద్దున నా నడుం పట్టేసింది. కూర్చుని కూర్చుని అనుకున్నాను. లేచి చూసుకుంటే చాప మీద మరక. ఏమైందో నాకు తెలుసు. మా ఊళ్ళో ఆ వయసు పిల్లకు తెలియకుండా ఎలా ఉంటుంది. సమర్తాడిన పిల్లను వెంటనే ఇంటి మూల ఆకుల మీద కూర్చోబెడతారు. ఎవరూ ముట్టుకోరు. ఆ రోజుల్లో పురిటి బిడ్డ ఉన్న వైపు గాలి కూడా తగలనివ్వరు. నేను కేక వేస్తే చాలు, నాయనమ్మ వచ్చి నన్ను లాగేస్తుంది. వాణ్ణి మళ్ళీ చేటలో పెడతారు, పక్కన కుంపటి పెడతారు. కేక వెయ్యకపోతే, నా ఒంట్లోంచే వాడికి అంటు ఎక్కుతోంది. రత్తమ్మ పిన్ని ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుంటేనే తమ్ముడు పోయాడు. వీడు నా గుండెకు కట్టి ఉన్నాడు.

దింపుదామని ముడి మీద చెయ్యి వేశాను. సరిగ్గా అప్పుడు వాడు నోరు తెరిచి, నా మెడ దగ్గర గాలిలో పాల కోసం వెతికాడు. పుట్టాక మొదటిసారి వెతికాడు. నేను చెయ్యి తీసేశాను. అంత మాత్రమే. ధైర్యం చేశానని ఎవరూ అనుకోవద్దు. దింపడానికి భయమేసింది, ఉంచడానికీ భయమేసింది, ఏదీ చెయ్యకుండా అలాగే ఉండిపోయాను.

పురిటి గదిలో పాతగుడ్డలకు కొదవ లేదు. అక్క కోసం నాయనమ్మ దాచి ఉంచిన పేలికల కట్టలోంచే తీసుకునేదాన్ని. మాసినవి అక్క గుడ్డలతో కలిపి అదే బుట్టలో అడుగున వేసేదాన్ని. అక్కకు కూడా చెప్పలేదు. ఇక వాడి ఒంటి మీద పొక్కుల కోసం వెతకడం నా పని. దోమకాటు కనిపించినా వేలితో తడిమి తడిమి చూసేదాన్ని. ఒకసారి వెక్కిళ్ళు వస్తే ఇదే మొదలనుకున్నాను. దవడ బిగుసుకుందేమోనని చిటికెన వేలు వాడి నోట్లో పెట్టి చూసేదాన్ని. వాడు దాన్ని చప్పరించేవాడు. చప్పరిస్తున్నాడు కదా అని సంతోషం, విషం నా వేలి నుంచే పోతోందని ఏడుపు.

ఆ గుడ్డలు నాయనమ్మే వెనక కాలవలో జాడించి, అక్కడే మునిగి వచ్చి పొయ్యి ముట్టుకునేది. ఆ చేతులు ఎన్ని పురుళ్ళ గుడ్డలు ఉతికాయో. ఏ రోజుకు ఏ రంగు ఉండాలో ఆవిడకు తెలుసు. మూడో రోజుకే అక్కకు ఎరుపు తగ్గి పలచబడింది. అలాంటిది మూడు రోజులుగా మళ్ళీ ముద్ద ఎరుపు. ఆరో రోజు పొద్దున నాయనమ్మ తడిచేతులతో గడప దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడ పెదాలు వణకడం అదే మొదటిసారి చూశాను.

"పెద్దదానికి మళ్ళీ రక్తం పోతంది. మీ అమ్మకూ ఇలాగే మొదలైంది. మీ నాన్నను బండి కట్టమన్నా. అవనిగడ్డ తీసుకుపోయి అక్కడ బస్సెక్కించి, చల్లపల్లి మీద నుంచి బందరు ఆసుపత్రికి."

"పిల్లాడో?" అన్నాను.

"వాడూ. తల్లి లేకుండా ఇక్కడుంచి ఏం చేస్తాం?"

ఆ వానలో, ఆ గాలిలో, కప్పులేని ఎద్దుబండిలో వాడు అవనిగడ్డ దాకా కూడా ఉండడని నాకు తెలుసు. జ్వరం అప్పుడే దిగుతున్న అక్కా ఆ తడిలో ఏమవుతుందో తెలియదు. నేను నోరు తెరిచి ఒక్క మాట చెబితే బండి ఆగుతుంది. నోరు తెరిచాను. నాయనమ్మ చూపు చూశాను. మూశాను. ఆ మాట చెబితే బండీ ఆగుతుంది, వాణ్ణీ నా నుంచి లాగేస్తారు. బండిలో గడ్డి పరిచే చప్పుడు వినబడుతుంటే పళ్ళు టకటక కొట్టుకున్నాయి. అక్క "నీకూ జ్వరమా?" అంది.

బండి కట్టే లోపలే ఎస్తేరమ్మ గారు వచ్చారు. నాయనమ్మ ఎదురువెళ్ళి అంతా చెప్పింది. నర్సమ్మ తడిబట్టలతోనే లోపలికొచ్చి అక్క నాడి చూశారు, కంటి రెప్ప కిందికి లాగి చూశారు, పొట్ట ఒత్తారు. అప్పటికి అక్క కట్టుకున్న గుడ్డ చూశారు. బుట్టలోని గుడ్డలు చూశారు. మళ్ళీ అక్క గుడ్డ చూశారు. తర్వాత నావైపు తిరిగారు. నేను ఎటూ చూడలేక వాడి మాడు మీద చూపు పెట్టాను.

ఆమె నా పక్కన చాప మీద కూర్చున్నారు. చాలా చిన్న గొంతుతో, "ఎన్నాళ్ళయింది నాంచారీ?" అన్నారు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వాడు ఊగుతాడని ఏడవడానికి కూడా లేదు. "మూడు రోజులు. నేను చంపేశానా వీణ్ణి?" అన్నాను.

"ఏడీ, చూడనీ." ముడి వదులు చేసి చెయ్యి లోపలికి పోనిచ్చి వాడి వీపు తాకారు. పాదాలు తాకారు. "పొయ్యి మీది నుంచి దింపిన ఇడ్లీలా ఉన్నాడు. చచ్చిన పిల్లలు ఇంత వేడిగా ఉంటారా?" అన్నారు. తర్వాత ఇంకా దగ్గరికి వంగి, "ఒక మాట చెప్తా, వింటావా? నాకూ ఇవాళ రెండో రోజే. పొద్దున్నే కోడూరులో ఓ బిడ్డకు బొడ్డు కోసి వచ్చా. నెలనెలా ఇలా మూల కూచుంటే ఈ దివిసీమలో పిల్లలెవరి చేతిలో పుడతారు?" అన్నారు.

గడప దగ్గర నీడ కదిలింది. నాయనమ్మ ఎంత విందో తెలియదు. "బండి సిద్ధంగా ఉంది. బయల్దేరమంటారా?" అంది.

నర్సమ్మ లేచారు. అబద్ధం చెబుతారేమో, నన్ను కాపాడతారేమో అని ఆ క్షణం ఆశపడ్డాను. ఆమె చెప్పలేదు. "బండి విప్పెయ్యమనండి. ఆ రక్తం మీ పెద్దమ్మాయిది కాదండీ" అన్నారు.

నాయనమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నావైపు రాబోయి, గడప మీద ఆగి, అక్కడే కూలబడింది. నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు. "మూడు రోజులు" అని తనలో తను అనుకుంది.

"అవును, మూడు రోజులు" అన్నారు ఎస్తేరమ్మ గారు. "ఆ మూడు రోజుల్లోనే వీడు పాలకు నోరు తెరవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు మీ ఇష్టం. దీన్ని లేపి మూల కూచోబెట్టుకోండి. వీణ్ణి ఎవరుంచుకుంటారో చెప్పండి, వాళ్ళకు కట్టి వెళ్తా. నేను ఇంకో మూడూళ్ళు పోవాలి."

తాటాకు మీద నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. నాయనమ్మ తన రెండు చేతులూ చూసుకుంది. వాణ్ణి చూసింది. చివరికి నాతో, "కాళ్ళు చాపుకుని కూచో. తిమ్మిరెక్కుద్ది" అంది. అంతే. నా ఒంట్లో బిగుసుకున్నదంతా ఒక్కసారి వదిలేసి, అప్పుడు ఏడ్చాను.

ఎస్తేరమ్మ గారు సంచి సర్దుకుని వెళుతూ దడి వైపు చూశారు. "పెద్దమ్మగారూ, ఆవేళ పోయిన పిల్లాడికి దవడ బిగుసుకుందన్నారే. అది అంటు కాదండీ. బొడ్డు కోసిన కత్తితోనో, దాని మీద పెట్టిన దాంతోనో వచ్చే జబ్బది. ఆ పక్కింటామెకు ఒక్క మాట చెప్పండి" అన్నారు.

నాయనమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, "అది వేరు" అంది. లేచి వంటింట్లోకి పోతూ నావైపు తిరిగి, "ఇక్కడి మాట ఈ గడప దాటిందంటే నాలుక చీరేస్తా" అంది. తమ్ముడి బొడ్డుకు ఆ బూడిద కలిపి పెట్టిన చేతులు ఆవిడవే. ఆవిడ ఎందుకలా అందో నాకు అప్పుడు తెలియలేదు. నేను నాయనమ్మనయ్యాక తెలిసింది.

వాడు బతికాడు. అక్కా బతికింది. వాడిప్పుడు గుడివాడలో మనవలతో ఉన్నాడు, బొజ్జ కూడా వచ్చింది. మర్నెలలో నాకు మళ్ళీ వచ్చినప్పుడు, అదే మొదటిసారన్నట్టు నాయనమ్మ ఊరందరికీ కబురు పంపింది. చిమ్మిలి దంచింది, పసుపు రాసింది, ఆకుల మీద కూర్చోబెట్టింది. ఆడవాళ్ళు అక్షతలు వేస్తుంటే అబద్ధం మీద కూర్చున్నానని నాకు వణుకు. దడి అవతల రత్తమ్మ పిన్ని గాజుల చప్పుడు వినిపించింది. ఆమెను పిలవలేదు. ఆమె తప్పు లేదని ఆ రోజుకు ఆ ఊళ్ళో నలుగురికి తెలుసు. మా నాయనమ్మకు, అక్కకు, నాకు, నర్సమ్మకు. నర్సమ్మ పొరుగూరి మనిషి, ఆమె మాట ఎవరు వింటారు. మిగిలిన ముగ్గురం నోరు విప్పలేదు. చెబితే నా పెళ్ళి ఏమవుతుందని నాయనమ్మ అనేది. పెళ్ళయ్యాక అత్తవారేమంటారోనని నేను అనుకునేదాన్ని. నాయనమ్మ పోయింది, అక్క పోయింది.

ఇంకొకటి కూడా రాయాలి, రాయకుండా తప్పించుకోవాలనిపిస్తోంది గాని. నా కోడళ్ళ పురుళ్ళలో గడప దగ్గర కాపలా కూర్చున్నదాన్ని నేనే. వచ్చిన ప్రతి ఆడమనిషినీ "నీకెన్నో రోజు?" అని అడిగేదాన్ని. ఒకసారి నా సొంత కూతురు, పదహారేళ్ళది, అన్న కొడుకును ఎత్తుకోవాలని ఆశగా వస్తే, ఆ రోజుల్లో ఉందని వాకిట్లోనే నిలబెట్టేశాను. అది ఏడ్చింది. నేను కరగలేదు. అంటు లేదని, ఏమీ కాదని, ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసినా భయం పోలేదు. భయానికి తెలివితో పనిలేదు. ఇప్పుడు ఆసుపత్రిలో చిన్న వయసు నర్సులు, నీలం బట్టల్లో, వాళ్ళకు ఏ రోజైతేనేం, రోజంతా నెలలు నిండని పిల్లల్ని చేతుల మీద తిప్పుతున్నారు. తల్లుల గుండెల మీద పడుకోబెడుతున్నారు. మా మనవరాలి కాన్పులో చూశాను. అక్కడ ఎవరూ ఎవర్నీ ఎన్నో రోజని అడగలేదు. పిల్లలు ఎర్రగా, వెచ్చగా ఉన్నారు. నేను మాత్రం అద్దం అవతల నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను.

సమాధి దగ్గర మట్టి వేశాక ఇంటికి పోలేదు. బస్టాండుకు నడిచి అవనిగడ్డ బస్సెక్కాను. ఆడవాళ్ళకు టిక్కెట్టు లేకపోయినా అంత దూరం ఊరికే తిరిగే అలవాటు నాకు లేదు. మళ్ళీ దిగిపోదామని చల్లపల్లిలో ఒకసారి లేచాను కూడా. కండక్టరు "ఎక్కడికమ్మా, ఇది నీ ఊరు కాదుగా" అంటే మళ్ళీ కూర్చున్నాను. అవనిగడ్డలో ఆటో మాట్లాడుకుని ఊరికి చేరేసరికి ఎండ వాలుతోంది. రత్తమ్మ పిన్ని కొడుకు కట్టిన డాబా ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. చూపు తగ్గినా నన్ను పోల్చుకుంది.

"నాంచారా? చేపల బేరం మానేశావంట, ఇంకేం అమ్ముకోవటానికొచ్చావే?"

పక్కన కూర్చున్నాను. ముందు ఎస్తేరమ్మ గారు పోయారని చెప్పాను. తర్వాత మిగతాది చెప్పాను. గుడ్డల బుట్ట, బండి, నర్సమ్మ దడి వైపు చూసి అన్న మాట, నాయనమ్మ జవాబు, ఏదీ వదల్లేదు. ఆమె చేతులు చింతపండు మీద ఆగిపోయాయి. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"నేనూ నమ్మానే" అంది చివరికి. "మీ నాయనమ్మ అంత గట్టిగా అంటుంటే, రోజులు నేనే తప్పు లెక్కేసుకున్నానేమో, నిజంగా నా వల్లే పోయాడేమో అనుకున్నా. నా కడుపున పుట్టినోళ్ళను ఎలాగూ తప్పదు, ఎత్తుకున్నా. మనవళ్ళను నెల నిండేదాకా నేను ముట్టుకోలేదే. ఏడుగురు. ఒక్కర్నీ పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎత్తుకోలేదు. కోడళ్ళు ఈ ముసలిదానికి ప్రేమ లేదనుకున్నారు."

"తప్పయిపోయింది పిన్నీ" అన్నాను.

"పిసినారిదానివంటే చేపల దగ్గరే అనుకున్నా. మాట దగ్గర కూడానా?" అంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత చేట పక్కకు నెట్టి, అరుగు అంచు పట్టుకుని లేచి నిలబడి, వీధిలోకి కేక పెట్టింది. కొళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. లోపలి నుంచి కోడలు వచ్చింది, ఎదురింటి ముసలావిడ వచ్చింది, సెల్లు చేతిలో పట్టుకుని ఇద్దరు పిల్లలు వచ్చారు. నేను కొంగు తల మీదికి లాక్కున్నాను. "పిన్నీ, నీకు చెప్పాను కదా, చాలదా" అన్నాను మెల్లగా.

"నాకెందుకే చెప్పటం? నా తప్పు లేదని నాకు చెప్పి ఏం లాభం? వీళ్ళకు చెప్పు" అని నా భుజం మీద చెయ్యి వేసి లేపి నిలబెట్టింది. నేను మొదలుపెట్టాను. గొంతు పెగల్లేదు.

"గట్టిగా చెప్పవే" అంది రత్తమ్మ పిన్ని. "నాకు చెవుడు లేదు. ఈ ఊరికే ఉంది."